తీరిక లేని ఇంటికి నాలుగు చిన్న పనులు

మామూలుగా నేను మీతో ముచ్చటించేది విత్తనశుద్ధి గురించో, తిక్క ఆకుమచ్చ తెగులు గురించో, వేరుశనగకు జిప్సం ఎప్పుడు వేయాలన్న విషయం గురించో అయి ఉంటుంది. ఈ పూట మాత్రం పొలం గట్టు దిగి మీ వంటింటి గడప దాకా వస్తాను. వంటింటితో వ్యవసాయశాఖ వాడికేమి పని అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. పని ఉన్నది. ఎందుకున్నదో ముందుగా మనవి చేస్తాను.

నేను పనిచేసేది అనంతపురం వైపు మెట్ట గ్రామాల్లో. అక్కడ వానాకాలమంటే వేరుశనగ, దానిలో సాళ్ళు సాళ్ళుగా కంది. ఒక సంవత్సరం కలుపు రోజుల్లో, మందు పిచికారీ గురించి చెప్పిపోదామని రాత్రి ఎనిమిది గంటలప్పుడు ఒక ఇంటికి వెళ్ళాను. పగలు వెళ్తే ఇంట్లో మనుషులు దొరకరు గదా. ఆ ఇంటి ఇల్లాలు అప్పుడే పొయ్యి ముట్టించింది. తడి పుల్లలు, ఇల్లంతా పొగ. ఏడాదిన్నర పిల్లవాడు అవ్వ ఒడిలో ఏడ్చి ఏడ్చి నిద్రపోయాడు. నేను అరుగుమీద కూర్చుని నా కాగితం తీసి, ఏ మందు ఎంత, ఏ వేళకు కొట్టాలి అని చదవడం మొదలుపెట్టాను. ఆమె ఊదుగొట్టం పక్కన పెట్టి అన్నది గదా:

"సారూ, మందు సాయంత్రం కొట్టమంటారు, కలుపు పొద్దున్నే తీయమంటారు, ఎరువు వాన పడినాక వేయమంటారు. అన్నింటికీ వేళలు రాసినారు. ఈ పొయ్యి ఏ వేళకు ముట్టించాలో మీ కాగితంలో రాయలేదే!"

నాకు జవాబు తోచలేదు. ఆ రాత్రి ఆమెను అడిగి ఒక రోజు పని వ్రాసుకున్నాను. కోడికూతకు లేస్తుంది. కసువు చిమ్మి, నీళ్ళు మోసి, పాలు పిండి, సద్ది కట్టి ఏడు గంటలకల్లా చేనికి పోతుంది. తిరిగి వచ్చేది పొద్దుగూకే వేళకు. వచ్చినాక వంటకు రెండు గంటలు. ఆ రెండు గంటలూ పొయ్యి ముందే కూర్చోవాలి. లేస్తే మంట ఆరుతుంది, లేకుంటే కూర మాడుతుంది. ఈలోగా పిల్లవాడు తినకుండానే పడుకుంటాడు.

సోదరులారా, కలుపుకు కూలి లెక్క వేస్తాము, మందుకు ఖర్చు లెక్క వేస్తాము. ఈ రెండు గంటలు ఏ లెక్కలోనూ లేవు. ఆ పిల్లవాని ఆకలీ ఏ లెక్కలోనూ లేదు. అందుకని ఖర్చు లేకుండా, ఇంట్లో ఉన్న వస్తువులతోనే చేసుకోదగిన నాలుగు పనులు ఈ పూట చెబుతాను. అన్నీ ఒకేసారి చేయమనను. ఒకటి పట్టుకుని, చేసి చూచి, మీ ఇంటికి సరిపోతేనే ఉంచుకోండి.

మొదటిది గడ్డిగంప.

పప్పు ఎందుకు గంటసేపు పొయ్యిమీద ఉండాలి? నీళ్ళు ఒకసారి తెర్లిన తర్వాత మనమెంత మంట పెట్టినా ఆ నీటి వేడి ఇక పెరగదు. ఎక్కువ పెట్టిన మంటంతా ఆవిరై పైకి పోతుంది. పప్పు మెత్తబడడానికి ఆ వేడి అట్లాగే కొంతసేపు నిలిచి ఉంటే చాలు. మంట లేకుండా వేడిని నిలబెట్టగలిగితే మనిషి పొయ్యి దగ్గర కూర్చోనక్కరలేదు. చలికాలంలో కంబళి కప్పుకుంటాము చూడండి, గిన్నెకూ అట్లాగే కంబళి కప్పడమన్నమాట.

చేసే విధానం చెబుతాను. మీరు పప్పు వండే గిన్నె కన్నా చుట్టూ బెత్తెడు ఎడం ఉండేటట్లు ఒక వెదురుగంప తీసుకోండి. లోపల పాత గోనెసంచి పరవండి. అడుగున బెత్తెడు మందం ఎండు వరిగడ్డి గట్టిగా కూరండి. దానిమీద గిన్నె పెట్టి, చుట్టూ సందు లేకుండా గడ్డి దట్టించండి. గిన్నె తీస్తే పక్షిగూడు మాదిరిగా గుంట నిలవాలి. గడ్డి దొరకని చోట పొడిగా ఉన్న వేరుశనగ పొట్టునైనా సంచుల్లో నింపి చుట్టూ అమర్చవచ్చు. చివరకు పాత చీరతో ఒక దిండు కుట్టి, దానిలోనూ గడ్డి నింపి, గిన్నె మూతమీద బరువుగా కూర్చునేటట్లు చేయండి. గంప సిద్ధమైంది. ఖర్చల్లా ఒక పూట పనే.

ఇక వాడుక. కందిబేడలు గంటసేపు నానబెట్టండి. గిన్నె ముప్పాతిక వంతు నిండేటట్లు చూసుకోండి. మూత గట్టిగా పట్టాలి. పొయ్యిమీద బాగా తెర్లనిచ్చి, ఆ తెర్లు మీదనే పది పదిహేను నిమిషాలు ఉంచండి. మూత తీయకుండానే దించి, అడుగున నిప్పు రవ్వ ఏదీ అంటుకుని లేదని చూసి, మసి తుడిచి గంపలో పెట్టి దిండు వేయండి. రెండు మూడు గంటల్లో బేడలు మెత్తబడతాయి. అన్నానికైతే తెర్లు మీద ఐదు నిమిషాలు, గంపలో ఒక గంట చాలు. ఉలవలు, శనగలు రాత్రంతా నానాలి, తెర్లు మీద ఇరవై నిమిషాలు ఉండాలి, గంపలో నాలుగు గంటలు పడుతుంది. గంపలో ఆవిరి పోదు కాబట్టి మామూలుగా పోసే నీటిలో నాలుగో వంతు తగ్గించండి. చింతపండు పులుసు, ఉప్పు ముందుగా వేయకండి. పులుపు తగిలితే బేడలు మెత్తబడడానికి మొండికేస్తాయి. ఉడికిన తర్వాతనే పులుసు పోసి తాళింపు పెట్టుకోవాలి.

నా మొదటి గంప సంగతి కూడా దాచకుండా చెబుతాను. ఊళ్ళో చెప్పే ముందు మా ఇంట్లోనే చేసి చూశాను. మేము నలుగురం. పెద్ద గిన్నెలో అడుగున కొంచెము పప్పు వేసి, ఒక తెర్లు రాగానే దించి గంపలో పెట్టాను. ఉడికిందా లేదా అని మూడుసార్లు దిండు తీసి చూశాను. రెండు గంటలకు చూస్తే పలుకు పలుకుగానే ఉంది. మా అమ్మ ఒక బేడ నోట్లో వేసుకుని, "నాయనా, గంప బాగుంది, కోడిపెట్టను పొదగేద్దాము" అన్నది. చేసిన తప్పులు మూడు. గిన్నె ఖాళీగా ఉంటే వేడి నిలవదు. తెర్లు మీద తగినంత సేపు ఉంచకపోతే గింజ లోపలి దాకా వేడి పోదు. మూత తీసిన ప్రతిసారీ నిలిచిన వేడి పోతుంది. మరుసటి వారం ఆ మూడూ దిద్దుకుని చేస్తే అదే అమ్మ, అదే పప్పు, రెండవసారి వడ్డించమని అడిగింది.

ఇక్కడ ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. గంపలోని వంట వేడిగా ఉన్నంతసేపే మంచిది. గోరువెచ్చగా దిగిపోయిన వంటలో సూక్ష్మక్రిములు పెరుగుతాయి. గంప విప్పినప్పుడు గిన్నెను ఉత్త చేతితో పట్టుకోలేనంత వేడి ఉండాలి. లేకుంటే మళ్ళీ బాగా తెర్లించి తినాలి. ఏ వంటనూ ఐదు గంటలకు మించి గంపలో ఉంచవద్దు. రాత్రి పెట్టి తెల్లవారి తీయడం పనికిరాదు. మాంసం, పాలు గంపలో పెట్టవద్దు. గంపను పొయ్యికి దూరంగా పెట్టండి, అది గడ్డి గదా.

నేను చెప్పిన ఆ ఇంట్లో ఇట్లా కుదుర్చుకున్నారు. అవ్వ పొగలో గంటసేపు కూర్చోలేదు గాని పావుగంట కూర్చోగలదు. సాయంత్రం నాలుగు గంటలకు నానిన బేడలు తెర్లించి గంపలో పెడుతుంది. కోడలు ఆరున్నరకు వచ్చేసరికి పప్పు మెత్తగా, వేడిగా ఉంటుంది. సంగటి కెలికి, తాళింపు పెడితే ఏడున్నరలోపల అందరూ భోజనానికి కూర్చుంటారు. పిల్లవాడు మెలకువగా ఉన్నప్పుడే ముద్ద నోట్లోకి పోతుంది. గంపలో గడ్డి దట్టించే పని ఎవరిదని అడిగితే, ఆ ఇంటి యజమాని నవ్వి తనే దట్టించాడు. కట్టె కొట్టడమే కాదు, కట్టె మిగల్చడమూ మగవాని పనేనని ఆయన మాట.

కుక్కరు ఉన్న ఇంటికి ఈ గంప అవసరమా అని అడుగుతారు. కుక్కరు మంచిదే. కాని అది కూత పెట్టేదాకా ఎవరో ఒకరు దగ్గరుండాలి. గంపకు కాపలా అక్కరలేదు. గ్యాసు వాడే ఇంటివారు సిలిండరు మార్చిన తేదీ గోడమీద బొగ్గుతో వ్రాసుకోండి. గంప వాడక ముందు ఎన్నాళ్ళు వచ్చింది, వాడిన తర్వాత ఎన్నాళ్ళు వచ్చింది మీరే లెక్క చూడండి. నా మాటకన్నా ఆ గోడమీది లెక్క మీకు ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది.

రెండవది మొలకపిండి.

ఆ ఇంటి పిల్లవాని సంగతికి వస్తాను. పగలంతా అవ్వ వాడికి రాగి గంజి పోస్తుంది. చూస్తే నీళ్ళ మాదిరిగా ఉన్నది. "చిక్కగా కాస్తే ఉమ్మేస్తాడు నాయనా, పలచగా ఉంటేనే దిగుతుంది" అన్నది అవ్వ. ఆమె చెప్పినది నిజమే. అక్కడే చిక్కు ఉన్నది. పిల్లవాని కడుపు వాని పిడికిలంత. దానిని నీళ్ళతో నింపితే కడుపు నిండుతుంది, బలం రాదు. పిండి ఎక్కువ వేస్తే గంజి ముద్దగా మారి గొంతు దిగదు.

దీనికి విరుగుడు మన ఇళ్ళల్లో పూర్వంనుంచీ ఉన్న మొలక రాగులే. మీ వైపు చోళ్ళంటారో, తైదలంటారో, అవే. గింజ మొలకెత్తేటప్పుడు లోపల అమైలేజ్ అనే ఒక రసం పుడుతుంది. మొక్కకు ఆహారం కావడానికి గింజలోని పిండిపదార్థాన్ని అది విడగొడుతుంది. అదే రసం గంజిలో పడితే గంజిని జారుగా మారుస్తుంది. పిండి తగ్గదు, చిక్కదనం తగ్గుతుంది. 1980ల్లో బరోడా విశ్వవిద్యాలయంలో తారా గోపాలదాస్ గారు, ఆమె సహచరులు ఈ సంగతిని పరీక్షలు చేసి చూపారు.

చేసే విధానం. కిలో రాగులు మట్టి, రాయి లేకుండా ఏరి, మూడు నీళ్ళు కడిగి, ఒక రాత్రి నానవేయండి. తెల్లవారి నీళ్ళు వంచి, శుభ్రమైన తడిగుడ్డలో మూటగట్టి వేలాడదీయండి. ఎండకు, దుమ్ముకు దూరంగా ఉండాలి. పూటకొకసారి నీళ్ళు చిలకరించాలి. ఒకటిన్నర రోజుకు తెల్లని మొలక కనబడుతుంది. మొలక గింజంత పొడవు రాగానే ఆపి, శుభ్రమైన గుడ్డమీద పలచగా పరచి బాగా ఎండనివ్వండి. ఎండిన తర్వాత అరచేతులతో నలిపి, మొలకలు చెరిగివేయండి. ఇక్కడ రెండు భాగాలు చేయండి. ముప్పాతిక భాగం సన్నని మంటమీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి మరపట్టించండి. ఇది ఇంటిల్లిపాదికీ మాల్టు. మిగతా పావు భాగం వేయించకుండానే మరపట్టించి వేరే డబ్బాలో ఉంచండి. ఎందుకంటే గట్టిగా వేయిస్తే ఆ రసం చచ్చిపోతుంది.

ఇప్పుడు పరీక్ష చూడండి. ఇది ఊరి మధ్య చేసి చూపదగిన పరీక్ష. ఇంట్లో మామూలు పిండితో చెంచా నిలబడేటంత చిక్కగా ఒక చిన్న గిన్నెడు గంజి కాయండి. వేలు ముంచితే ఓర్చుకోగలిగే వేడికి దిగనివ్వండి. ఆ వేయించని మొలకపిండి ఒక చిన్న చెంచాడు వేసి కలియబెట్టండి. చూస్తుండగానే కొద్ది నిమిషాల్లో చెంచా పక్కకు ఒరిగిపోతుంది, గంజి జారుతుంది. మొలకపిండి పచ్చిది కనుక తర్వాత మళ్ళీ పొయ్యిమీద పెట్టి రెండు నిమిషాలు తెర్లించి, ఆరబెట్టి తాగించాలి. తెర్లించినా అది తిరిగి గట్టిపడదు. అంగన్‌వాడీ ముంగిట ఈ పరీక్ష చేసినప్పుడు ఒక ముసలమ్మ చెంచా తీసుకుని తనే రెండుసార్లు తిప్పి చూసింది. ఎక్కడైనా నీళ్ళు కలిపినారేమో అని ఆమె అనుమానం. మరుసటి రోజు తన గిన్నె తనే తెచ్చుకున్నది.

రాగుల్లో సున్నం ఎక్కువ. నూరు గ్రాముల్లో 300 మిల్లీగ్రాములకు పైగానే ఉన్నది. మన సంగటి ముద్దకు ఈ గౌరవం ఆలస్యంగానైనా దక్కింది, ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది గదా. కాని ఒక్క రాగులతో సరిపోదు. గంజిలో వేయించి పొడిచేసిన పెసలు రాగిపిండిలో నాలుగో వంతు కలపండి. దించేముందు ఒక చెంచా నూనె గాని నెయ్యి గాని వేయండి. వేరుశనగ పలుకులు వేయించి పొడిచేసి వేసినా మంచిదే. అయితే నల్లబడినవి, బూజు పట్టినవి, ముడుచుకుపోయినవి, చేదైనవి ఒక్కటి కూడా వేయకండి. ఆ బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం ఉంటుంది. వేయించినా అది పూర్తిగా పోదు. అమ్ముడుపోని తాలు కాయలు ఇంట్లో వాడుకుందామనే అలవాటు మన వైపు ఉన్నది. మంచి కాయలు మార్కెట్టుకు, పుచ్చు కాయలు పిల్లలకు అన్నది తలకిందుల లెక్క.

గంజి పెట్టేది ఆరు నెలలు నిండిన తర్వాతనే. అంతవరకు తల్లిపాలు తప్ప మరేదీ వద్దు. ఆరు నెలల తర్వాత కూడా తల్లిపాలు రెండేళ్ళ దాకా, ఆ పైనా ఇవ్వవచ్చు. మూటలో బూజు గాని, చెడువాసన గాని కనబడితే వాన రోజుల్లో ఆ మొలకలు పారవేయండి, దాచుకుని వాడవద్దు. పిండి గట్టి మూత డబ్బాలో నెలకు సరిపడా మాత్రమే చేసుకోవాలి.

ఆ పిల్లవాని బరువు గీత మూడు నెలలకు అంగన్‌వాడీ కార్డులో పైకి తిరిగింది. ఒక్క మొలకపిండి వల్లనే అని నేను అనను. వేళకు తినడం, అందరితో కలిసి తినడం కూడా పనిచేసి ఉండాలి. ఎట్లాగైనా, ఆ కార్డు చూపించడానికి వాళ్ళ అవ్వ నన్ను పిలిచి కూర్చోబెట్టింది.

పిల్లల మాట వచ్చింది కనుక విరేచనాల సంగతి కూడా ఇక్కడనే చెబుతాను. వానాకాలం నీళ్ళు మారినప్పుడు పిల్లలకు విరేచనాలు పడతాయి. ప్రాణం తీసేది ఒంట్లో నీరు పోవడం. ఆశా కార్యకర్త దగ్గర ఓఆర్‌ఎస్ పొట్లం దొరుకుతుంది, అదే శ్రేష్ఠం. పొట్లం చేతికందేలోగా ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో తలకొట్టి కొలిచిన చిన్న చెంచాతో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. ఉప్పు కొలత మించనివ్వకండి. గుక్కెడు గుక్కెడు తాగిస్తూ ఉండాలి. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపాలి. 1971లో శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలినప్పుడు డాక్టరు దిలీప్ మహలనాబిస్ గారు ఇట్లాంటి ఉప్పు, పంచదార నీటితోనే ఎందరినో బతికించారు. కాని పిల్లవాడు మత్తుగా పడి ఉన్నా, కళ్ళు లోపలికి పోయినా, తాగలేకపోయినా, విరేచనంలో రక్తం కనబడినా ఇంటివైద్యం ఆపి, ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకుపోవలెను. దారిలో కూడా తాగగలిగితే తాగిస్తూనే పోవాలి.

మూడవది కందుల డబ్బా.

ఇంటి వాడుకకు దాచిన కందులు ఉగాది దాటేసరికి పుచ్చిపోవడం మీకు కొత్త కాదు. పురుగు డబ్బాలో పుట్టిందనుకుంటాము. చాలాసార్లు అది చేనినుంచే వస్తుంది. కాయ ముదిరే వేళ పెంకుపురుగు కాయమీద గుడ్లు పెడుతుంది. గింజమీద తెల్లని చుక్కలు కనబడితే అవి గుడ్లే. ఇంచుమించు నెలకొక తరం చొప్పున పెరిగి, నాలుగు తరాలయ్యేసరికి డబ్బాలో పిండే మిగులుతుంది.

కందులు రెండు మూడు రోజులు మంచి ఎండలో ఎండబెట్టండి. పంట కింద పెడితే కటుక్కున విరగాలి. నీడలో చల్లారిన తర్వాతనే డబ్బాకెత్తండి. వేడిమీద ఎత్తితే లోపల చెమ్మ పడుతుంది. కిలోకు 5 మిల్లీలీటర్ల చొప్పున, అంటే పది కిలోలకు 50 మిల్లీలీటర్ల వంటనూనె చేతులతో పట్టించండి. గుడ్డు నిలవదు, నిలిచినా పిల్ల కాదు. పైన రెండంగుళాల మందం ఎండు ఇసుక పరిస్తే పురుగు లోపలికి పోలేదు. వీలైనవారు సగం కందులను ముందే బేడలు కొట్టించుకోండి. ఈ పురుగుకు పొట్టుతో ఉన్న గింజమీద ఉన్న ఇష్టం బేడమీద లేదు.

ఇక్కడ చేతులు జోడించి ఒక మాట. కొందరు గింజల్లో పెట్టడానికి అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు తెచ్చి ఇంట్లో వాడుతున్నారు. గాలిలో చెమ్మ తగిలితే ఆ బిళ్ళనుంచి విషవాయువు వస్తుంది. అదే గదిలో పడుకున్న మనుషుల ప్రాణాలు తీస్తుంది. ఆ బిళ్ళలు శిక్షణ పొందినవారు గోదాముల్లో వాడేవి. మనుషులు కాపురముండే ఇంట్లో వాటికి చోటు లేదు. పుచ్చిపోయిన కందులు మళ్ళీ పండించుకోవచ్చు.

నాలుగవది ఇసుకకుండ.

సంతకు వారానికొకసారి పోయే ఇంట్లో కూరగాయలు మూడవ రోజుకే వాడిపోతాయి. ఒక పెద్ద మట్టి బానలో నాలుగు వేళ్ళ మందం ఇసుక పోసి, దానిలో చిన్న కుండ పెట్టి, మధ్య సందులో ఇసుక నింపండి. పొద్దున, సాయంత్రం ఇసుక తడపండి. కుండలో టమాటాలు, వంకాయలు, ఆకుకూర పెట్టి తడిగుడ్డ కప్పండి. ఇసుకలోని నీరు ఆవిరౌతూ లోపలి వేడిని లాగుతుంది. ఎక్కువ కూరలు పండించేవారు ఇదే పద్ధతిలో ఇటుకలతో రెండు గోడలు కట్టి, మధ్య మూడంగుళాల సందులో తడి ఇసుక నింపి పెద్ద తొట్టి కట్టుకోవచ్చు. ఢిల్లీలోని పూసా పరిశోధనా సంస్థవారు 1980ల్లో ఈ చల్లని తొట్టిని రూపొందించారు. ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి. ఇది అనంతపురం వేసవి వంటి పొడి గాలిలో బాగా పనిచేస్తుంది. కోస్తాలో, వాన ముసురులో గాలే తడిగా ఉంటుంది కనుక అంతగా చల్లబడదు. బానను నీడలో, గాలి తగిలే చోట పెట్టాలి. ఎర్రగడ్డలు, ఉర్లగడ్డలు దానిలో పెట్టవద్దు, కుళ్ళుతాయి.

తోటి విస్తరణ ఉద్యోగులకు రెండు మాటలు చెప్పి ముగిస్తాను. ఇవన్నీ సమావేశంలో చెప్పే విషయాలు కావు. ఎవరి ఇంట్లో చూపిస్తామో ఆ ఇంటి గిన్నెతో, ఆ ఇంటి గింజతో చేయాలి. మనం తీసుకుపోయిన కొత్త గిన్నెలో ఉడికితే, అది సారువారి గిన్నె మహిమ అనుకుంటారు. కలుపు రోజుల్లో మధ్యాహ్నం పూట పిలిస్తే ఆడవారు రారు. రాలేదని వారిమీద తప్పు వేయకండి, వేళ తప్పు మనది. మగవారిని కూడా కూర్చోబెట్టండి. గంప దట్టించడం, కందులు ఎండబెట్టడం, బాన మోయడం వారు చేయగలిగినవే. చెడిపోయిన పరీక్షను కూడా డైరీలో వ్రాయండి. నా కోడిపెట్ట గంప కథ చెప్పిన తర్వాతనే మా వైపు ఆడవారు తమ ఇళ్ళల్లో ఏది కుదరలేదో నాకు చెప్పడం మొదలుపెట్టారు.

సోదరీమణులారా, ఈ వారం ఒక్క గంప చేసి చూడండి. మొదటిసారి పప్పు పలుకుగా ఉంటే నన్ను తిట్టుకోండి, కాని గిన్నె నిండుగా పెట్టారా, పదిహేను నిమిషాలు తెర్లించారా అని ఒక్కసారి చూసుకుని, రెండవసారి చేయండి. ఇక మా కాగితాల సంగతి. ఆ అక్క నన్ను అడిగిన తర్వాత, మా వైపు పంచే కలుపు, మందుల పట్టికలో చివర ఒక గీత చేర్చాను: "సాయంత్రం నాలుగు గంటలు: బేడలు తెర్లించి గంపలో పెట్టవలెను." ఆమెకు ఒక కాగితం ఇచ్చి వచ్చాను. దానిని పొయ్యి పక్క గోడకు అంటించింది.